ఒక్కటే మిగిలింది: అక్షరాజ్యాల (జర్మనీ, జపాన్, ఇటలీ) ప్రయోగ విమానాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తున్న రోజుల్లో జర్మనీ తయారు చేసిన హోర్టెన్ అనే తోకలేని జెట్ విమానం ఒకటి అమెరికా రాజధాని వాషింగ్టన్ దగ్గరి మ్యూజియంలో నేటికీ ఉన్నదని గత సంచికలో చిన్న వార్త వేశాము. నాలుగు వాక్యాల ఆ వార్తకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని మేము అనుకోలేదు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక్క ప్రశ్నగా కలిపి, కొన్నింటికి వివరంగానూ కొన్నింటికి క్లుప్తంగానూ ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మీరు రాసిన హోర్టెన్ విమానం రాడార్‌కు చిక్కని విమానాలన్నింటికీ తాత అని, బొగ్గుపొడి కలిపిన జిగురుతో దానిని కట్టారని, ఆరు నెలల ముందు సిద్ధమై ఉంటే యుద్ధం గతే మారిపోయేదని వీడియోలలో చెబుతున్నారు. ఇందులో నిజమెంత?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు అసలు అక్కడ ఉన్నదేమిటో చూద్దాం. వాల్టర్, రైమార్ అనే హోర్టెన్ సోదరులు, తోక గానీ విడిగా మొండెం గానీ లేకుండా విమానమంతా ఒకే రెక్కగా ఉండాలన్న ఆలోచనతో 1930ల నుంచే గ్లైడర్లు కట్టేవారు. వెయ్యి కిలోల బాంబులు మోసుకుంటూ, గంటకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో, వెయ్యి కిలోమీటర్ల దూరం పోగల విమానం కావాలని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ షరతు పెట్టినప్పుడు, వారు ఆ రెక్కకే రెండు జెట్ ఇంజిన్లు బిగిస్తామన్నారు. మొదటి నమూనా ఇంజిన్ లేని గ్లైడర్. అది 1944 మార్చిలో ఎగిరింది. ఇంజిన్లు బిగించిన రెండో నమూనా 1945 ఫిబ్రవరి 2న ఎగిరి, అదే నెల 18న ఒక ఇంజిన్ ఆగిపోవడంతో కూలిపోయింది. దానిని నడిపిన ఎర్విన్ త్సిల్లర్ మరణించాడు. మ్యూజియంలో ఉన్నది మూడో నమూనా. తురింగియా ప్రాంతంలోని ఫ్రీడ్రిష్‌రోడా అనే ఊళ్ళో, గోథా కంపెనీ వర్క్‌షాపులో పని సగంలో ఉండగా 1945 ఏప్రిల్‌లో అది అమెరికా సైనికుల చేతికి చిక్కింది. రెక్కల బయటి భాగాలు మరో చోట దొరికాయి. ఈ విమానం ఒక్కసారి కూడా నేలను విడిచి ఎరగదు.

బొగ్గుపొడి మాట ఎక్కడిదంటే, యుద్ధం తరువాత అర్జెంటీనాలో స్థిరపడిన రైమార్ హోర్టెన్ 1980లలో చెప్పినది. ప్లైవుడ్ పొరల నడుమ రంపపుపొడి, బొగ్గు, జిగురు కలిపిన మిశ్రమాన్ని నింపి, రాడార్ తరంగాలను పీల్చుకునేలా చేయాలనుకున్నామని ఆయన అన్నారు. రాడార్‌కు కనిపించని విమానాల ముచ్చట ప్రపంచమంతటా మొదలైన కాలమది. నలభై ఏళ్ళ నాటి పనికి ఆ సమయంలో వచ్చిన వివరణను కొంచెం ఆచితూచి తీసుకోవడం మంచిదని మా అభిప్రాయం. 2008లో నార్త్రాప్ గ్రమ్మన్ సంస్థ ఇంజినీర్లు ఒక టీవీ కార్యక్రమం కోసం ఈ విమానానికి పూర్తి పరిమాణంలో నకలు కట్టి, దానిని ఎత్తైన స్తంభం మీద నిలిపి రాడార్ పరీక్ష జరిపారు. అదే కాలపు మెసర్‌ష్మిట్ 109 యుద్ధవిమానం ఎంత దూరం నుంచి రాడార్‌కు కనిపించేదో, దానికి సుమారు 20 శాతం తక్కువ దూరంలో ఇది కనిపించేదని లెక్క తేలింది. తోక, ప్రొపెల్లర్ రెండూ లేని చెక్క విమానానికి ఆ మాత్రం తగ్గుదల ఉండడంలో వింతేమీ లేదు. దానికి బొగ్గు అక్కరలేదు. ఆ నకలు ఇప్పుడు శాన్ డియాగో మ్యూజియంలో ఉంది. తరువాత అసలు విమానం చెక్కనే, అది ఉన్న మ్యూజియాన్ని నడిపే స్మిత్సోనియన్ సంస్థ నిపుణులు ప్రయోగశాలలో పరీక్షించారు గానీ, బొగ్గుపొడి కలిపినట్లు ఆధారం దొరకలేదు.

ఇక యుద్ధం గతి మారడం గురించి. ఈ విమానానికి పెట్టిన యూమో 004 జెట్ ఇంజిన్‌ను చూస్తే జవాబు దొరుకుతుంది. అధిక వేడికి ఆగే ఉక్కు తయారు కావాలంటే నికెల్, క్రోమియం కావాలి. జర్మనీకి ఆ రెండూ కరవైపోయాయి. దాంతో మామూలు ఉక్కుకు అల్యూమినియం పూత పూసి వేడి భాగాలను తయారు చేశారు. ఆ ఇంజిన్లు పది గంటల నుంచి పాతిక గంటల పాటు నడిచాక విప్పి మార్చవలసి వచ్చేది. ఇంధనం లేక, శిక్షణ పొందిన పైలట్లు లేక, అప్పటికే వందల సంఖ్యలో తయారైన జెట్ విమానాలే మూలన పడి ఉన్న దేశానికి, ఇంకొక కొత్త రకం ఆరు నెలల ముందు వచ్చినంత మాత్రాన ఒరిగేది ఏమీ లేదు. వీలుంటే ఆ విమానాన్ని దగ్గర నుంచి తీసిన ఫొటోలు చూడండి. ఉక్కు గొట్టాల చట్రం మీద అతికించిన ప్లైవుడ్ పొరలు అంచుల వద్ద పుస్తకం అట్టలా విచ్చుకుని, ఆకుపచ్చ రంగు పెచ్చులుగా లేచి కనిపిస్తాయి. మ్యూజియం వారు దానికి కొత్త రంగు వేయకుండా, ఉన్న పొరలు ఊడిపోకుండా నిలబెట్టడం వరకే పని పెట్టుకున్నారు.

ప్రశ్న: జర్మనీ, జపాన్ విమానాలు ఎక్కువగా అమెరికాలోనే ఉండడానికి కారణమేమిటి?
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: గెలిచినవాడు పట్టుకుపోయాడన్నది సగం జవాబు మాత్రమే. బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ కూడా పట్టుకుపోయాయి. పరీక్షలు ముగిశాక ఏం చేశారన్నదే అసలు తేడా.

హెరాల్డ్ వాట్సన్ అనే అమెరికన్ కల్నల్ నాయకత్వంలో ఒక బృందం జర్మనీ, నార్వే, డెన్మార్క్ విమానాశ్రయాలు గాలించి, పనికివచ్చే కొత్త రకాలన్నింటినీ ఫ్రాన్స్‌లోని చెర్‌బూర్గ్ రేవుకు చేర్చింది. వాటిలో సుమారు 40 విమానాలను 1945 జులైలో రీపర్ అనే బ్రిటిష్ విమానవాహక నౌక అమెరికాకు తీసుకుపోయింది. జపాన్ నుంచి కూడా అదే విధంగా నౌకల్లో వందకు పైగా విమానాలు వచ్చాయి. వాటిని ఎగరేసి, విప్పి, కొలిచి, తెలుసుకోవలసింది తెలుసుకున్నాక తుక్కు కింద అమ్మివేయడం అప్పటి సైన్యానికి మామూలు విషయం. అయితే శత్రు విమానాలలో రకానికి ఒక్కటైనా భద్రపరచాలని వైమానిక దళాధిపతి జనరల్ ఆర్నాల్డ్ ఆదేశించారు. అలా ఏరిన వాటిని షికాగో శివార్లలో ఆర్చర్డ్ ప్లేస్ అనే చోట, యుద్ధకాలంలో విమానాలు తయారు చేసి మూతపడిన ఒక ఫ్యాక్టరీలో పెట్టారు. షికాగో విమానాశ్రయంలో దిగే మనవాళ్ళ సూట్‌కేసు చీటీ మీద కనిపించే ఓఆర్‌డీ అనే మూడక్షరాలు ఆ ఆర్చర్డ్ పేరు నుంచే వచ్చాయి. నేటి ఓహేర్ విమానాశ్రయం ఉన్నది ఆ స్థలంలోనే.

1950లో కొరియా యుద్ధం మొదలయ్యేసరికి సైన్యానికి ఆ ఫ్యాక్టరీ మళ్ళీ కావలసి వచ్చింది. విమానాలను వెంటనే ఖాళీ చేయమన్నారు. స్మిత్సోనియన్‌లో పనిచేసే పాల్ గార్బర్ అనే అధికారి మేరీలాండ్ రాష్ట్రంలోని సిల్వర్ హిల్ వద్ద కొంత అడవి స్థలం సంపాదించి, విమానాలను విడదీయించి అక్కడికి తరలించాడు. షెడ్లు చాలక కొన్ని పెట్టెలు ఏళ్ళ తరబడి ఎండకు ఎండి, వానకు తడిశాయి. హోర్టెన్ విమానం ప్లైవుడ్ అంతగా విచ్చుకుపోవడానికి ఆ నిల్వ కూడా ఒక కారణం.

పోయినవి చాలా ఉన్నాయి. రెక్కలు వెనక్కి వాలి ఉండే మెసర్‌ష్మిట్ పి 1101 నమూనాను బెల్ అనే అమెరికన్ విమాన కంపెనీకి ఇచ్చారు. గాలిలో రెక్కల కోణం మార్చుకోగల ఎక్స్-5 అనే విమానానికి అది దారి చూపింది గానీ, తాను మాత్రం తుక్కులో కలిసింది. జపాన్ కట్టిన నాలుగు ఇంజిన్ల రెన్‌జాన్ బాంబర్ ఒకదానిని అమెరికాకు తెచ్చీ మిగల్చలేదు. అన్నిటికంటే విచారకరమైనది హైంకెల్ 178. 1939 ఆగస్టు 27న ఎగిరిన ఆ విమానం ప్రపంచంలో మొట్టమొదటి జెట్ విమానం. దానిని జర్మన్లు బెర్లిన్ వైమానిక మ్యూజియంలో భద్రంగానే పెట్టుకున్నారు. 1943లో మిత్రరాజ్యాల బాంబుదాడిలో మ్యూజియంతో పాటు అది కాలిపోయింది. అదే మ్యూజియం నుంచి తూర్పు వైపుకు తరలించిన కొన్ని విమానాలు యుద్ధం తరువాత పోలాండ్ అధీనంలోకి వచ్చాయి. అవి ఇప్పుడు క్రాకోవ్ నగరంలోని వైమానిక మ్యూజియంలో ఉన్నాయి. 1939 ఏప్రిల్ 26న గంటకు 755 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు సృష్టించిన మెసర్‌ష్మిట్ 209 మొండెం వాటిలో ఒకటి. పిస్టన్ ఇంజిన్ విమానాలలో ఆ రికార్డును 1969 వరకు ఎవరూ దాటలేకపోయారు.

ప్రశ్న: మాది ప్లైవుడ్ వ్యాపారం. జెట్ వేగానికి ప్లైవుడ్, జిగురు ఎలా తట్టుకుంటాయో అర్థం కావడం లేదు. చెక్కతో కట్టడం వారి తెలివా, గతిలేని తనమా?
– పాఠకుడు, కాకినాడ

జవాబు: చెక్కను తప్పు పట్టలేము. బ్రిటన్‌కు చెందిన మస్కిటో బాంబర్ చెక్కతో కట్టినదే, అది చాలా మంచి విమానం. అల్యూమినియం కొరత ఉన్న చోట చెక్క పనివారిని వాడుకోవడం తెలివైన పనే. కథ అడ్డం తిరిగింది జిగురు దగ్గర. మీ వ్యాపారంలో వారికి ఆ సంగతి చప్పున అర్థమవుతుంది.

జర్మన్ చెక్క విమానాలకు టేగో ఫిల్మ్ అనే పదార్థం వాడేవారు. పలుచని కాగితం వంటి పొరకు ఫినాలిక్ రెసిన్ పట్టించి తయారు చేసిన ఆ ఫిల్మును చెక్క రేకుల నడుమ పెట్టి, వేడి చేసి ఒత్తితే గట్టిగా అతుక్కునేది. దానిని తయారు చేసే ఫ్యాక్టరీ వుప్పర్టాల్ పట్టణంలో ఉండేది. 1943లో బ్రిటిష్ బాంబుదాడిలో అది ధ్వంసమైంది. దాని బదులు వాడిన జిగుర్లలో ఆమ్లగుణం ఎక్కువగా ఉండి, అతికించిన చెక్కనే లోలోపల తినివేసేది.

అటువంటి జిగురుతోనే హైంకెల్ 162 అనే చిన్న జెట్ యుద్ధవిమానం తయారైంది. వీపు మీద ఒక్క ఇంజిన్, చెక్క రెక్కలు, తక్కువ ఖర్చు, తక్కువ శిక్షణ ఉన్న కుర్రాళ్ళు కూడా నడపగలగాలన్న దురాశ. 1944 సెప్టెంబరులో ఆదేశం వెలువడితే డిసెంబరు 6న విమానం గాలిలోకి లేచింది. మూడు నెలలు కూడా పట్టలేదు. మొదటి రోజే చక్రాల తలుపు ఒకటి అతుకు విడి ఊడిపోయింది. అయినా ఆగకుండా, నాలుగు రోజుల తరువాత అధికారుల ఎదుట ప్రదర్శన పెట్టారు. ఆ ప్రదర్శనలో ఎక్కువ వేగంతో వస్తుండగా రెక్క విచ్చిపోయి విమానం నేలకూలింది, గొట్‌హోల్డ్ పీటర్ అనే టెస్ట్ పైలట్ చనిపోయాడు. యుద్ధం ముగిసేనాటికి ఇవి వంద దాటాయి కాబట్టి బ్రిటన్, ఫ్రాన్స్, కెనడా, అమెరికా మ్యూజియంలలో ఇప్పటికీ కొన్ని ఉన్నాయి.

ఆ విమానాలను ఎవరు కట్టారన్న సంగతి మ్యూజియం బోర్డుల మీద ఎప్పుడూ పెద్ద అక్షరాలలో ఉండదు. వియన్నా దగ్గర హింటర్‌బ్రూల్ అనే చోట ఒక పాత జిప్సం గనిలోపల, నేల కింద, మౌట్‌హౌసెన్ నిర్బంధ శిబిరానికి చెందిన ఖైదీల చేత హైంకెల్ 162 మొండేలు చేయించారు. ఆ గనిలోని సరస్సులో నేడు పర్యాటకులు పడవ ఎక్కి తిరుగుతారు.

ఈ సందర్భంలోనే అమెరికాలోని డేటన్ నగరంలో వైమానిక దళ మ్యూజియంలో ఉన్న ఒక కోమెట్ గురించి చెప్పాలి. కోమెట్ అంటే మెసర్‌ష్మిట్ 163, రాకెట్ ఇంజిన్‌తో శత్రు విమానాలతో పోరాడిన ఏకైక యుద్ధవిమానం. దాని ఇంధనంలో ఒకటి గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్. రెండో ద్రవంతో కలవగానే దానంతటదే మండుతుంది. ట్యాంకుకు చిన్న చిల్లు పడినా పైలట్ ప్రాణానికి ముప్పే. డేటన్‌లోని కోమెట్ అంతకుముందు కెనడాలో ఉండేది. అక్కడ దానిని విప్పి బాగుచేస్తుండగా, ఇంధన ట్యాంకుకూ దానిని పట్టి ఉంచే పట్టీకీ నడుమ ఒక చిన్న రాయి కనిపించింది. విమానం అదిరినప్పుడల్లా ఆ రాయి ట్యాంకును ఒరుసుకుని, కొన్నాళ్ళకు చిల్లు పెట్టాలన్నమాట. రెక్కల జిగురులో కూడా ఏదో కలిపి చెడగొట్టిన జాడలున్నాయి. మొండెం లోపలి గోడ మీద ఫ్రెంచి భాషలో రాతలు బయటపడ్డాయి. బలవంతంగా పనికి తెచ్చిన ఫ్రెంచి కార్మికులు పట్టుబడితే ఉరి తప్పదని తెలిసి చేసిన పని అది. వారి పేర్లు ఎవరికీ తెలియవు. ఆ విమానాన్ని కొత్తదానిలా మెరిపించాలన్న తొందరలో ఎవరైనా పట్టీలు మార్చి పారేసి ఉంటే ఆ రాయీ పోయేది.

ప్రశ్న: జపాన్ సొంతంగా జెట్ విమానం తయారు చేసిందా, లేక జర్మనీ ఇచ్చినదా?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండూ కొంత కొంత నిజమే. మీరు హైదరాబాద్ నుంచి అడిగారు కాబట్టి మీ ఊరికి సంబంధించిన ఒక ముచ్చట కూడా ఇందులో ఉన్నది.

1944 ఏప్రిల్‌లో ఐ-29 అనే జపాన్ జలాంతర్గామి, ఫ్రాన్స్ తీరంలో జర్మన్ల అధీనంలో ఉన్న లోరియాఁ రేవు నుంచి జెట్, రాకెట్ ఇంజిన్లతో, డ్రాయింగులతో బయలుదేరింది. మూడు నెలల ప్రయాణం తరువాత జులై మధ్యలో సింగపూర్ చేరింది. ఇవాయా అనే నౌకాదళ అధికారి అక్కడ దిగి, చేతికి అందిన కొద్ది కాగితాలతో విమానంలో టోక్యో వెళ్ళాడు. మిగతా సరుకుతో ముందుకు సాగిన జలాంతర్గామిని జులై 26న ఫిలిప్పీన్స్‌కు ఉత్తరాన అమెరికా జలాంతర్గామి సాఫిష్ ముంచివేసింది. ఇవాయా వెంట వచ్చిన వాటిలో బీఎమ్‌డబ్ల్యూ 003 జెట్ ఇంజిన్ అడ్డకోత బొమ్మ ఒకటి ఉన్నది. ఆ ఒక్క బొమ్మ ఆధారంగా, అప్పటికే తమ సొంత ప్రయత్నంలో సగం దూరం వచ్చి ఉన్న జపాన్ ఇంజినీర్లు నె-20 అనే ఇంజిన్‌ను తయారు చేశారు. ఆ ఇంజిన్లు రెండు బిగించిన నకజిమా కిక్కా విమానం 1945 ఆగస్టు 7న, అంటే హిరోషిమా మీద అణుబాంబు పడిన మర్నాడు, కిసరజు విమానాశ్రయం నుంచి ఎగిరి సుమారు ఇరవై నిమిషాలు గాలిలో ఉంది. ఆగస్టు 11న రెండోసారి ఎగరబోయి రన్‌వే దాటి దెబ్బతిన్నది. నాలుగు రోజులకు జపాన్ లొంగిపోయింది. ఇప్పుడు మిగిలిన ఒకే ఒక కిక్కా స్మిత్సోనియన్ దగ్గర ఉంది. దాని రెక్కల కింది ఇంజిన్ తొడుగులు నె-20 పట్టనంత చిన్నవి. దీనిని బట్టి అది ఎగరడానికి కట్టినది కాదని, నేల మీది పరీక్షలకు ఉద్దేశించినది కావచ్చునని అనుకుంటున్నారు.

హైదరాబాద్ ముచ్చట ఇది. అదే ఐ-29 జలాంతర్గామి అంతకు ఏడాది ముందు, 1943 ఏప్రిల్‌లో, మడగాస్కర్ సమీప సముద్రంలో జర్మన్ జలాంతర్గామి యు-180 నుంచి ఇద్దరు ప్రయాణికులను ఎక్కించుకుని సుమత్రా దగ్గరి సబాంగ్ రేవుకు చేర్చింది. అలలు పోటెత్తుతుండగా రబ్బరు తెప్ప మీద ఒక నౌక నుంచి మరో నౌకకు మారిన ఆ ఇద్దరిలో ఒకరు నేతాజీ సుభాష్ చంద్రబోస్, రెండోవారు హైదరాబాద్‌కు చెందిన ఆబిద్ హసన్ సఫ్రానీ.

జపాన్ ప్రయోగాల్లో మరొకటి షిండెన్. ప్రొపెల్లర్ వెనుక, చిన్న రెక్కలు ముందు ఉన్న ఈ క్యూషూ కంపెనీ విమానం 1945 ఆగస్టు మొదటి వారంలో ఫుకువోకాలో ఎగిరింది. అన్నీ కలిపి గాలిలో ఉన్నది గంటలోపే. దాని ముందు భాగం స్మిత్సోనియన్‌లో చూడవచ్చు. జపాన్‌లోనే చూడాలంటే ఫుకువోకా దగ్గర తచిఅరాయ్ శాంతి స్మారక మ్యూజియంలో పూర్తి పరిమాణంలో ఒకటి ఉంది గానీ, అది ఒక సినిమా కోసం కట్టిన నకలు.

ప్రశ్న: ఇటలీ సంగతి ఎవరూ చెప్పరు. వారి దగ్గర ఏమీ లేదా?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: ఒకటి ఉంది, అది విచిత్రమైనది. కప్రోని కాంపిని అనే ఆ విమానంలో మామూలు పిస్టన్ ఇంజిన్ ముందు ఉండి, ప్రొపెల్లర్‌ను తిప్పడానికి బదులు గాలిని కుదించే యంత్రాన్ని తిప్పుతుంది. కుదించిన గాలిలో ఇంధనం మండించి వెనుక నుంచి వదులుతారు. 1940 ఆగస్టు 27న ఎగిరినప్పుడు, జర్మన్లు తమ జెట్‌ను రహస్యంగా ఉంచడం వల్ల, ప్రపంచంలో తొలి జెట్ విమానమన్న గౌరవం దీనికే దక్కింది. వేగం మాత్రం గంటకు 375 కిలోమీటర్లకు అటూ ఇటూ, అంటే ఆనాటి మామూలు యుద్ధవిమానం కంటే తక్కువ. ఇది రోమ్‌కు ఉత్తరాన బ్రచ్చానో సరస్సు ఒడ్డున, విన్యా ది వల్లే వైమానిక మ్యూజియంలో ఉంది.

ప్రశ్న: ఇంత కొత్త రకం విమానాలను ఎగరేసిన పైలట్లు ఏమయ్యారు?
– పాఠకురాలు, నెల్లూరు

జవాబు: త్సిల్లర్, పీటర్ గురించి పైన చెప్పాము. లోథార్ సీబర్ కథ ఇంకా దారుణం. బాఖెమ్ నాట్టర్ అనేది చెక్కతో చేసిన రాకెట్ విమానం. నిట్టనిలువు స్తంభం మీద నుంచి దీనిని పైకి వదలాలి. పైలట్ శత్రు బాంబర్ల మీద ముక్కులోని రాకెట్లన్నీ ఒక్కసారిగా వదిలి, పారాచూట్‌తో దిగాలి. మనిషితో పాటు దానిని మొదటిసారి 1945 మార్చి 1న పైకి వదిలారు. కాక్‌పిట్ మూత ఊడిపోయింది, విమానం మబ్బుల్లోకి పోయి తలకిందులై నేలకు గుద్దుకుంది. సీబర్ వయస్సు 22. మ్యూనిక్‌లోని డాయిష్ మ్యూజియంలో ఒక నాట్టర్ ఉంది, ఇంకొకటి స్మిత్సోనియన్ గిడ్డంగిలో ఉంది.

కోమెట్‌ను చూసి జపాన్ కట్టిన షూసుయి రాకెట్ విమానం 1945 జులై 7న మొదటిసారి లేచింది. ట్యాంకు నిండుగా నింపలేదు. నిటారుగా ఎక్కేటప్పుడు ఉన్న ఇంధనం వెనక్కి జరిగి, ఇంజిన్‌కు అందక అది ఆగిపోయింది. తొయొహికో ఇనుజుకా దానిని తిప్పి దించబోయి ఒక కట్టడానికి తగిలి గాయపడి, మర్నాడు మరణించాడు. ఈ రకానికి చెందినవి రెండు మిగిలాయి. ఒకటి కాలిఫోర్నియాలోని చీనో మ్యూజియంలో ఉంది. రెండోది 1960లలో జపాన్‌లో ఒక గుహలో శిథిలంగా దొరికితే, మిత్సుబిషి సంస్థ పూర్తి చేసి నగోయా ప్రాంతంలోని తన మ్యూజియంలో పెట్టుకుంది.

ప్రశ్న: వీటిని బాగుచేసి మళ్ళీ ఎగరేయవచ్చు కదా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఒక్కటే మిగిలిన వస్తువును ఎగరేయడమంటే దానిని పణంగా పెట్టడమే. ఏ పెద్ద మ్యూజియమూ అందుకు ఒప్పుకోదు. బాగుచేయడంలోనూ రెండు పద్ధతులున్నాయి. పూర్వపు రూపం వచ్చేలా కొత్త రేకులు, కొత్త రంగులు వేయడం ఒకటి. ఉన్న స్థితి చెడకుండా ఆపి, ఒరిజినల్ రంగును, గీతలను, రాతలను అలాగే ఉంచడం రెండోది. 1970లలో మొదటి పద్ధతికే మొగ్గు ఎక్కువ. దానికి మంచి ఉదాహరణ డోర్నియర్ 335.

ముక్కు దగ్గర ఒక ఇంజిన్, తోక వెనుక ఇంకొకటి ఉన్న ఈ విమానం గంటకు 760 కిలోమీటర్ల వేగం అందుకునేది. పైలట్ బయటపడాలంటే వెనుక ప్రొపెల్లర్ అతనిని ముక్కలు చేయకుండా, ముందుగా ఆ ప్రొపెల్లర్‌నూ తోక పైభాగాన్నీ మందుగుండుతో పేల్చి వదిలించుకోవాలి. మిగిలిన ఒకే విమానాన్ని అమెరికా నౌకాదళం పరీక్షించి, నార్ఫోక్‌లో ఏళ్ళ తరబడి ఆరుబయట వదిలేసింది. 1974లో స్మిత్సోనియన్ వారు దానిని మరమ్మతు కోసం పుట్టిన చోటికే, జర్మనీలోని ఒబర్‌ప్ఫాఫెన్‌హోఫెన్‌లో ఉన్న డోర్నియర్ ఫ్యాక్టరీకి పంపారు. యుద్ధకాలంలో దానిని కట్టిన పనివారిలో కొందరు మళ్ళీ ఆ పనిలోకి దిగారు. విప్పి చూస్తే, తోకలో పెట్టిన ఆ పేలుడు మందు ముప్పై ఏళ్ళ తరువాత కూడా పేలడానికి సిద్ధంగా లోపలే ఉన్నది. అన్నేళ్ళుగా దాని చుట్టూ తిరిగిన వారి అదృష్టం బాగున్నదనాలి.

ప్రశ్న: మన దేశంలో ఇటువంటివి ఏమైనా ఉన్నాయా?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఢిల్లీలోని పాలం వైమానిక దళ మ్యూజియంలో జపాన్ ఓకా 11 ఒకటి ఉంది. ఇది ప్రయోగ నమూనా కాదు, వందల సంఖ్యలో తయారైన ఆత్మాహుతి విమానం: బాంబర్ కడుపు కింద వేలాడదీసి తీసుకుపోయి వదిలితే, రాకెట్ల ఊపుతో నౌక మీద పడుతుంది. దిగడానికి చక్రాలు లేవు. ఇందులోనే మరింత దూరం పోగల ఓకా 22 అనే ప్రయోగ రకానికి, పైన చెప్పిన ఇటలీ విమానం తరహా ఇంజిన్ పెట్టారు. అది ప్రపంచంలో ఒక్కటే, స్మిత్సోనియన్‌లో ఉంది.

ఇంకొక సంబంధం మనిషి ద్వారా వచ్చింది. జర్మనీలో టా 152 అనే ఎత్తైన గగనతలంలో పోరాడే విమానాన్ని రూపొందించిన కుర్ట్ టాంక్, యుద్ధం తరువాత అర్జెంటీనాలో కొంతకాలం పనిచేసి 1956లో బెంగళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారానికి వచ్చాడు. ఆయన నాయకత్వంలో రూపొందిన మారుత్ యుద్ధవిమానం 1961 జూన్ 17న ఎగిరింది. బెంగళూరు హెచ్‌ఏఎల్ మ్యూజియంలో మారుత్‌ను చూడవచ్చు. ఆయన టా 152 ఒక్కటే మిగిలి, అమెరికాలో నిల్వలో ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి వర్జీనియాలో ఉంటాడు. వేసవిలో వెళ్తున్నాము. వీటిని ఎక్కడ చూడాలి?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు బహుశా డలెస్ విమానాశ్రయంలోనే దిగుతారు. దాని పక్కనే, షాంటిలీ అనే చోట స్మిత్సోనియన్ వారి ఉద్వర్-హేజీ సెంటర్ ఉంది. ప్రవేశం ఉచితం, కారు నిలపడానికి మాత్రం రుసుము తీసుకుంటారు. డోర్నియర్ 335, హోర్టెన్, మిగిలిన ఒకే ఒక అరాడో 234 జెట్ బాంబర్ అక్కడే ఉన్నాయి. జలాంతర్గామి లోపల రెక్కలు మడిచి దాచే జపాన్ సెయిరాన్ విమానం, హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే కూడా అదే హాలులో కనిపిస్తాయి. మరమ్మతులు జరిగే హ్యాంగర్‌ను పై వరండాలోని అద్దాల వెనుక నుంచి చూడనిస్తారు. వారాంతంలో పని జరగదు కాబట్టి, మీ అబ్బాయికి సెలవు దొరికితే మామూలు పనిరోజున వెళ్ళండి. నాట్టర్ మాత్రం గిడ్డంగిలో ఉన్నది, ఆ గిడ్డంగిలోకి సందర్శకులను అనుమతించరు.